మూడు వరసల పాట

(పదకొండో భాగం)

"కంచం తీసేయమను."

హెబ్రోను మాస్టరు ఆ మాట గోడవైపు తిరిగి అన్నాడు. కంచం పెట్టిన కూతురు పుష్పకుమారి రెండడుగుల దూరంలోనే నిలబడి ఉంది.

సద్దన్నం, మజ్జిగ, వేయించిన ఎండు నెత్తళ్ళు. బుధవారం నుంచి ఇదే తంతు. కూతురు వడ్డిస్తే ముట్టడు. భార్య ఏసుమణి వడ్డిస్తే తింటాడు. అదీ సగం.

"నేను పెడితే విషమా నాయనా?"



"మేయ్, నువ్వు ఇట్లా రా," అని వంటింట్లోంచి ఏసుమణి పిలిచింది.

"నేను రాను. నాయన నాతో మాట్లాడిందాకా ఈడే నిలబడతా."

"నిలబడనీ," అన్నాడు హెబ్రోను గోడతో. "బోర్డు కాడ నిలబడి అలవాటయింది గదా."

మూడు రోజుల్లో కూతురికి తగలాలని ఆయన అన్న మొదటి మాట అది. తగిలింది.

బుధవారం ఇన్‌స్పెక్టరు కామాక్షయ్య బడికి వచ్చాడు. ఎనిమిదో తరగతి ముప్పైమంది లేచి నిలబడి ఇంగ్లీషు క్రియలు పాడారు. పాడటమే. హెబ్రోను ఇరవై రెండేళ్ళుగా వాటిని పాటగానే నేర్పుతున్నాడు. ఇప్పుడు చేసేది ఒక వరస, నిన్న చేసింది ఒక వరస, చేసి అయిపోయింది ఒక వరస. మూడు వరసలనీ గుడిలో పాడే కీర్తన రాగానికి కట్టి, చింతబరికెతో బల్లమీద తాళం వేస్తాడు. పాళెంలో ఇంగ్లీషు ముక్క వచ్చిన ప్రతివాడికీ ఆ రాగంలోనే వచ్చింది. వల లాగేవాళ్ళు కూడా దాన్నే పాడుకుంటారు.

సింగ్, స్యాంగ్, సంగ్. రింగ్, ర్యాంగ్, రంగ్. ఆ ఊపులోనే బ్రింగ్, బ్ర్యాంగ్, బ్రంగ్.

కామాక్షయ్య నవ్వాడు. పక్కగదిలో చిన్న తరగతులు చెబుతున్న పుష్పను పిలిపించాడు.

"ఏమ్మా, ఎస్సెల్సీ పాసయినావు గదా. ఈ చివరిది సరేనా?"

"కాదు సార్."

"అయితే సరైంది రాయి."

రాసింది. బ్రింగ్, బ్రాట్, బ్రాట్. ఇంకా ఇట్లాంటివి ఉన్నాయా అని అడిగితే అవీ రాసింది. రాగంలో ఇమడక హెబ్రోను వంచి పెట్టినవి, పక్క మాటను చూసి అల్లినవి, మొత్తం తొమ్మిది. ఆమె రాసినంతసేపూ ఆయన బరికె పట్టుకుని బల్ల పక్కనే ఉన్నాడు. ముందు వరసలో ఒక పిల్ల కిసుక్కున నవ్వింది.

పోతూ పోతూ ఇన్‌స్పెక్టరు కాగితం ఇచ్చి పోయాడు. పై మూడు తరగతుల ఇంగ్లీషు ఇకమీద పుష్పకుమారి చెప్పాలి. ఒప్పుకుంటూ ఆమె సోమవారంలోగా సంతకం చేసి పంపాలి. లేదంటే ఆ మూడు తరగతులూ ఎత్తేయమని పైకి రాస్తాడు. అప్పుడు పాళెం పిల్లలు చదువుకోవాలంటే విడవలూరు నడవాలి. సంతకం పెడితే హెబ్రోను ఒకటో తరగతిలో కూర్చుని అ ఆలు దిద్దించాలి.

ఈ రోజు శనివారం. కాగితంమీద ఇంకా సంతకం లేదు.

"వద్దంటే వద్దని నోటితో చెప్పు నాయనా," అంది పుష్ప. "కంచంతో చెప్పబాక."

ఆయన లేచి అరుగుమీదికి పోయాడు. ఏసుమణి వచ్చి కంచం తీసింది. అన్నం వైపు చూసింది, కూతురివైపు చూసింది. 

పొద్దు బారెడెక్కాక, మాస్టరు దగ్గర చదువుకున్న ఆదెయ్య వచ్చాడు. తడి గోచితోనే వచ్చాడు, చేతిలో ఆకులో చుట్టిన నాలుగు చేపలు. అరుగు కింద నిలబడ్డాడు.

"దండాలు అయ్యోరా."

"నువ్వు కూడా నవ్వను వచ్చినావా ఆదెయ్యా?"

"నేనా! నేను నవ్వించుకున్నోణ్ణి అయ్యోరా, నవ్వేవాణ్ణి కాదు."

హెబ్రోను తలెత్తాడు. అనకూడని మాట అనేశానని ఆదెయ్యకు అప్పుడు తెలిసింది. చేపల పొట్లం ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఏందది? చెప్పు."

"ఏంలేదు. మద్రాసు హార్బరుకు పనికి పోయినా గదా. కాగితం తెచ్చినావా అని ఆడ గుమాస్తా ఇంగ్లీషులో అడిగినాడు. మనకూ వచ్చు గదా అని, ఐ బ్ర్యాంగ్ అన్నా. వాడు లోపలికి పోయి ఇంకో నలుగుర్ని పిలుచుకొని వచ్చినాడు. మళ్ళా చెప్పు అన్నారు. బాగా చెప్పినానేమో అనుకొని మళ్ళా చెప్పినా. మూడుసార్లు చెప్పించినారు."

"ఎప్పటి మాట?"

"అయిదేళ్ళవుతుంది."

"నాకెందుకు చెప్పలా?"

"మీకెట్లా చెప్పేది అయ్యోరా? నేర్పింది మీరే గదా."

హెబ్రోను తల సముద్రం వైపు తిప్పుకున్నాడు. 

"నేను వచ్చింది దానికి కాదు," అన్నాడు ఆదెయ్య. "మా పిల్ల ఆదిశేషమ్మ ఎనిమిదిలో ఉంది. మీ పాప చెప్పినా మీరు చెప్పినా మాకు ఒకటే. మీ ఇంటి సంగతి మీరు చూసుకోండి. బడి మాత్రం ఉండాల. అది విడవలూరు నడవదు. దాని మేనమామ కాచుకొని ఉండాడు. బడి ఆగిన నెలకి మనువే."

"అంత తొందరేంది? దానికి పదమూడేళ్ళు గదా."

"ఆ మాట మా ఆడోళ్ళకి ఎవురు చెప్పేది? బడి ఉంటే బడిలో ఉందని చెప్తా. లేకుంటే ఏం చెప్పేది?"

చేపలు అరుగుమీద పెట్టి వెళ్ళిపోయాడు. తలుపు వెనకనుంచి పుష్ప అంతా విన్నది. తాను విన్నదని తండ్రికి తెలుసు. అయినా ఆయన లోపలికి చూడలేదు.

వంటింట్లో ఏసుమణి కత్తిపీట ముందు కూర్చుని ఆ చేపలే తోముతూ ఉంది.

"సాయంత్రం గుడి కూడికలో నాయన కాళ్ళమీద పడు," అంది. "పొయ్యేదేముంది? కన్నతండ్రేగా."

"పడతా. కాళ్ళమీద పడేదానికి నాకేం బరువు లేదు. పడితే సంతకం పెట్టనిస్తాడా?"

"అదీ ఇదీ కలపబాక."

"కలిపింది ఆయనే. అమ్మా, ఒకటి చెప్తా విను. నాకు నాయనమీద కోపం లేదు. ఆయన తెలవక నేర్పినాడు. మిషను దొరసాని దగ్గర చెవితో విన్నది ఆయన చదువు. ఎవురూ పుస్తకం పెట్టి చెప్పలా. తెలవక చేసినదానికి కోపమేంది?"

ఏసుమణి చేతిలో చేప ఆగింది. పొలుసు అంటిన చేతిని మోకాలిమీద పెట్టుకుంది.

"ఆయనకు తెలుసు," అంది.

"ఏంది తెలిసేది?"

"నువ్వు రెండోసారి పరీక్ష తప్పినప్పుడు నిన్ను పిలుచుకొని వచ్చేదానికి నెల్లూరు బోర్డింగుబడికి పోయినాడు గదా. అప్పుడు బోర్డింగు పెద్దమ్మ నీ నోటుబుక్కు ముందర పెట్టిందంట. ఎర్రసిరా అంతా పాటలో మాటలకే. పుస్తకం తీసి ఒక్కోటీ చూపించిందంట."

పుష్ప గోడకు ఆనుకుంది.

"వచ్చినాడు. నాకు చెప్పినాడు. అన్నం తిని పడుకొన్నాడు. సోమవారం బడికి పోయి అదే పాట పాడించినాడు. ఇదేందయ్యా అన్నా. ఇన్నేళ్ళు పాడినోళ్ళందరికీ ఏమని చెప్పేది అన్నాడు. నేను మళ్ళా అడగలా."

"మూడేళ్ళమ్మా!"

"ఊ."

"నాకు అరచేతులు వాచిపొయ్యేట్టు దెబ్బలు పడినాయి, తెలుసా నీకు? తప్పు రాసినందుకు కాదు. మా నాయన చెప్పింది తప్పు కాదని ఎదురు చెప్పినందుకు."

ఏసుమణి మళ్ళీ చేప అందుకుంది. కానీ తోమలేదు.

హెబ్రోను అరుగుమీద బైబిలు ఒడిలో పెట్టుకుని ఉన్నాడు. చదవడం లేదు.

"తెలుసంట గదా," అంది పుష్ప గడపలో నిలబడి.

ఆయన పేజీ తిప్పాడు.

"నీ మాటకోసం నేను దెబ్బలు తిన్నా నాయనా."

"నిన్నెవురు వాదించమన్నారు?"

"నువ్వే. నాయన చెప్పింది దేవుడు చెప్పినట్టేనని చిన్నప్పుడు నేర్పింది నువ్వే."

బైబిలు మూశాడు. మూడు రోజులకు మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"నీకు మాత్రం తెలవదా? పాసయిందానివి నీకూ తెలుసు. ఏడాదిగా పక్కగదిలో ఉండావు. రోజూ వింటానే ఉండావు. ఒక్కనాడన్నా నా కాడికి వచ్చి, నాయనా ఇది తప్పు అన్నావా? ఇన్‌స్పెక్టరు వచ్చిందాకా దాచిపెట్టుకొన్నావు. నలుగురిలో తీసినావు."

 అందులో నిజం ఉంది.

"నీకు తెలవదనుకొన్నా," అంది పుష్ప. "తెలవని మనిషిని ఎందుకు బాధపెట్టాలని ఊరకున్నా. ఆ రోజు ఇన్‌స్పెక్టరు మొహంమీద అడిగితే అబద్ధం చెప్పలేకపోయినా. తెలిసీ చెప్పే మనిషివని నాకు తెలిసుంటే..."

"తెలిసుంటే?"

"ముందే చెప్పుండేదాన్ని. బోర్డుమీద కాదు. నీ మొహంమీదే."

ఇద్దరి మధ్యా ఇంకేం జరిగేదో గానీ, వీధిలో గొడుగు కనిపించింది. గొడుగు కింద పాస్టరు జకరయ్య.

"వందనాలు, వందనాలు. ఇంట్లో అందరూ ఉండారే, దేవుడి దయ," అంటూ ఆయన అరుగెక్కాడు. ఆ ఇంట్లో జరుగుతున్నది ఆయనకు తెలుసు. పాళెంలో తెలియనివాళ్ళు లేరు.

రేపు ఆదివారం బల్ల. నెలకొకసారి ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరుస్తారు. దానికి ముందురోజు సాయంత్రం సిద్ధపాటు కూడిక. తగాదా ఉన్నవాళ్ళు ఆ కూడికలో సంఘమంతా చూస్తుండగా చేతులు కలపాలి. సమాధానం అంటే అదే. కలపనివాళ్ళు గుడి వాకిలి దగ్గర కడచాపమీద కూర్చోవాలి. వాళ్ళకు మరునాడు రొట్టె లేదు. హెబ్రోను సంఘపెద్ద. పదిహేనేళ్ళుగా రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల్లో తిరిగేది ఆయనే.

"పుష్పమ్మా, చిన్నపని," అన్నాడు జకరయ్య. "నువ్వు తప్పయిందను. మాస్టరు సరేనంటాడు. చేతులు కలుపుతారు. నేను ప్రార్థన చేస్తా."

"దేనికి తప్పయిందనాలయ్యగారూ?"

"పిల్లల ముందర అన్నందుకు."

"దానికంటా. చెప్పిన మాటకు మాత్రం అనను."

"మాట జోలికి మనం పోవద్దు తల్లీ."

"మరి ఆ కాగితం?"

"దాని జోలికి కూడా పోవద్దు."

"నాయనకు ముందే తెలుసు. ఆ సంగతి?"

జకరయ్య హెబ్రోనువైపు చూశాడు. హెబ్రోను వీధివైపు చూశాడు.

"దాని జోలికి అసలు పోవద్దు."

"ఇంక దేని జోలికి పోవాలయ్యగారూ?"

పాస్టరు దగ్గాడు. "ఎండ జాస్తిగా ఉంది. ఏసుమణమ్మా, కాస్త మజ్జిగ ఉంటే ఇవ్వు తల్లీ."

మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం గుడి నిండింది. ఎప్పుడూ సిద్ధపాటు కూడికకు సగంమంది కూడా రారు. ఈ రోజు కడచాప తప్ప అన్ని చాపలూ నిండాయి. మగవాళ్ళు ఎడమపక్క, ఆడవాళ్ళు కుడిపక్క. కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతూ ఉంది. అందరూ తలలు వంచుకుని ఉన్నారు గానీ కళ్ళు మాత్రం పైకే ఉన్నాయి.

"సహోదరుల మధ్య, ఇంటివాళ్ళ మధ్య సమాధానం లేనివాళ్ళు ముందుకు రావచ్చు," అన్నాడు జకరయ్య.

పుష్ప లేచింది. ముందుకు నడిచింది. పైట కప్పుకుని తండ్రి ఎదురుగా నిలబడింది.

"బుధవారంనాడు పిల్లల ముందర మా నాయన చిన్నబొయ్యేట్టు చేసినాను. నాకు తెలిసిన సంగతి ఇంట్లో చెప్పకుండా ఏడాది ఊరకుండిపోయినాను. ఈ రెంటికీ నన్ను మన్నించమని అడుగుతుండా."

పాస్టరు చెప్పమన్నది ఒకటే. రెండోది ఆమె కలుపుకుంది. తాను ఒకటి ముందుకు వేస్తే తండ్రీ ఒకటి వేస్తాడని ఆమె ఆశ. అంతమందిలో వద్దు. మెల్లగా అన్నా చాలు. తెలిసి చేసినానమ్మా అంటే చాలు.

హెబ్రోను లేచి వచ్చాడు. ఆమె చేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు.

"ఆమేన్," అంది గుడి అంతా.

జకరయ్య కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు. మొదట సృష్టిని గురించి చెప్పాడు. ఆయన ప్రార్థనలు పొడుగు.

హెబ్రోను కొంచెం ముందుకు వంగాడు. గడ్డం ఆమె చెవికి తగిలింది.

"సంతకం పెట్టనని మనసులో అనుకో," అన్నాడు. "అనుకొంటేనే ఇది సమాధానం. పెట్టినావంటే రేపు పళ్ళెం నీ ముందర ఆగదు. దాటుకొని పోతా."



"ఇంకేం చెప్పవా నాయనా?"

"ఏం చెప్పాల?"

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఆ గుడి కట్టినప్పటినుంచి కలిసిన చెయ్యి విడిపోవడం ఎవరూ చూడలేదు. ముందు వరసలో ఎవరో "అయ్యో" అన్నారు. జకరయ్య ప్రార్థన ఎర్రసముద్రం దగ్గర ఆగిపోయింది. కళ్ళు తెరిచాడు.

"ఏమైందమ్మా?"

"కలవలేదయ్యగారూ."

"ఇప్పుడేగా కలిసినాయి. అందరూ చూసినారు."

"చూసినారు. వినలా."

ఏం వినలేదని పాస్టరు అడగాలి. అడిగితే జవాబు వస్తుంది. వస్తే దాన్ని ఏం చేయాలో ఆయనకు తెలియదు. అందుకని అడగలేదు. హెబ్రోనువైపు చూశాడు.

"చిన్నపిల్ల," అన్నాడు హెబ్రోను అందరికీ వినపడేట్టు. "దాని కోపం ఇంకా తీరలా. నాకేం లేదు. నేను మన్నించినా."

పుష్ప ఆ మాట విన్నది. గుడిలో నిలబడి ఆయన అబద్ధం చెప్పగలడని ఈ సాయంత్రందాకా ఆమె అనుకోలేదు.

"కాగితంమీద సంతకం నేను పెడతానయ్యగారూ," అంది.  "సోమవారందాకా కూడా ఆగను. ఇంటికి పోతానే పెడతా. దానికి రేపు నాకు రొట్టె లేదంటే లేదు."

తిరిగి నడిచింది. ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దోవ ఇచ్చారు. ఒక్కరూ ముఖంలోకి చూడలేదు. వాకిలి పక్కన కడచాపమీద ఒక్కతే కూర్చుంది.

"కానివ్వండయ్యగారూ," అన్నాడు హెబ్రోను, తన చోటికి పోయి కూర్చుంటూ. "ప్రార్థన చెయ్యండి."

జకరయ్య కళ్ళు మూసుకున్నాడు. ఎక్కడ ఆపాడో గుర్తు రాలేదు. మళ్ళీ తెరిచాడు.

ఆడవాళ్ళ ముందు వరసలో ఏసుమణి లేచి ఉంది.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమె గుడిలో పాటకు తప్ప నోరు తెరిచింది లేదు. కూతుర్ని మందలించడానికి లేచిందని కొందరు అనుకున్నారు. క్షమించమని సంఘాన్ని అడగడానికి లేచిందని పాస్టరు అనుకున్నాడు. ఆయనకు అదే కావాలి.

"చెప్పు తల్లీ."

"నాకూ సమాధానం లేదయ్యగారూ."

"ఎవరితో?"

"ఈయనతో."

 మగవాళ్ళ వరసలో ఒక ముసలాయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏమంటా ఉంది, ఏమంటా ఉంది?" అని పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడు చెప్పలేదు.

"మాస్టరుతో నీకేం తగాదామ్మా?"

"మూడేళ్ళుగా ఉంది. ఊరకే మింగినా. రోజూ అన్నం పెట్టినా, పక్కన నిలబడినా, నెలనెలా ఆయన చేతి రొట్టె తిన్నా. ఈ పొద్దు చేప తోముతుంటే తెలిసింది, నాకూ సమాధానం లేదని."

"ఏసుమణీ," అన్నాడు హెబ్రోను. గొంతు పెంచలేదు. "కూర్చో."

ఆమె కూర్చోలేదు. పాటల పుస్తకం చంకన పెట్టుకుంది. ఆడవాళ్ళ మధ్యగా వాకిలి దాకా నడిచి, కడచాపమీద కూతురి పక్కన కూర్చుంది. కూతుర్ని పట్టుకోలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. కాళ్ళు ముడుచుకుని చీర సర్దుకుంది, అంతే.

జకరయ్య చేతిలో బైబిలు దించాడు. ఇంట్లో సమాధానం లేని సంఘపెద్ద రొట్టె పళ్ళెం పట్టకూడదు. ఈ కట్టడి రాసింది హెబ్రోనే. పదేళ్ళ కిందట, గట్టు తగాదాలో ఇంకో పెద్దను దించాల్సి వచ్చినప్పుడు.

"ఏందమ్మా ఆ తగాదా?" అని ఇప్పుడు అడగక తప్పలేదు పాస్టరుకు.

"ఆయన్నే అడగండి," అంది ఏసుమణి వాకిలి దగ్గరనుంచి. "ఆయన చెప్తే వింటా. చెప్పకుంటే మేమిద్దరం ఈడే ఉంటాం."

తలలన్నీ మగవాళ్ళ ముందు వరసవైపు తిరిగాయి.

హెబ్రోను లేచాడు. ఉత్తరీయం భుజంమీద సర్దుకున్నాడు. పాస్టరువైపు చూడలేదు, సంఘంవైపు చూడలేదు. వెనక్కి తిరిగి వరసల మధ్యగా మెల్లగా నడవసాగాడు.

వాకిలి ఆ వైపే ఉంది. కడచాప కూడా ఆ వైపే ఉంది.